మడత విప్పిన చీర

ఓడ ఆగిన సంగతి కోటేశ్వరికి ముందు కాళ్ళకి తెలిసింది. చెన్నైలో ఎక్కిన దగ్గర్నుంచీ అరికాళ్ళ కింద మగ్గం ఆడుతున్నట్టు సన్నగా అదురుతూ వచ్చిన నేల ఒక్కసారిగా నిలిచిపోయింది. పక్క మంచం మీద భావనారాయణ గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నిజంగా నిద్రపోతున్నాడో, నొప్పి ఓర్చుకోవడానికి నిద్ర నటిస్తున్నాడో ఈమధ్య ఆమెకు తెలియడం లేదు. తెలిసినప్పుడు కూడా అడగడం లేదు.

పరగడుపున వేసే మాత్ర కోసం పెట్టె తెరిచింది. ఆ పెట్టె సర్దుకుంది ఆయనే. "నా బట్టలు నేను చూసుకుంటా, నువ్వు పచ్చళ్ళ సంగతి చూడు" అన్నాడు బయల్దేరేముందు. ఆవిడ కాపురానికి వచ్చినకాడ నుంచీ తన తువ్వాలు తాను మడతపెట్టుకుని ఎరగని మనిషి. అప్పుడే అనుమానం రావాల్సింది. పంచెల అడుగున చెయ్యి పెట్టి తడుముతుంటే కొత్తబట్ట తగిలింది. గంజి వాసన వేసింది. బయటికి తీసి కిటికీ వెలుగులో పట్టుకుంది.

తెల్లచీర. అంచు లేదు. జరీ పోగు లేదు. కొంగున ఒక్క గీత కూడా లేదు.

చీరాలలో మగ్గం ఉన్న ఇంట పుట్టి, మగ్గం ఉన్న ఇంట్లోనే మెట్టిన మనిషి కోటేశ్వరి. బట్ట ఒడ్డున పోగు బిగించిన తీరు చూస్తే చాలు, ఆ నేత తన మొగుడిదేనని తెలిసిపోయింది. తెలియందల్లా ఇది ఎప్పుడు నేశాడన్నదే. పెళ్ళయ్యాక ఆయన నేసిన ప్రతి చీరకీ ఆవిడే కండెలు చుట్టింది. ఆవిడ రాట్నం ముందు కూర్చుని దారం కండెకి చుట్టి ఇస్తే, దాన్ని నాడెలో పెట్టి అటూ ఇటూ విసురుతూ ఆయన నేసేవాడు. ఒకరు ఆపితే రెండోవాళ్ళు ఆగిపోయే పని అది. ఈ చీరకి ఆమె ఒక్క కండె కూడా చుట్టలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. "యలమందతో కాసేపు కబుర్లు చెప్పి వస్తా" అంటూ పోయిన నెలంతా పొద్దున్నే పక్కవీధికి పోయేవాడు. కబుర్లకి పోయినవాడు నడుం పట్టుకుని, కాళ్ళు వాచి తిరిగొచ్చేవాడు. యలమంద ఇంట్లో ఒక మగ్గం ఖాళీగా ఉంది.

అంచులేని తెల్లచీర ఎందుకు నేస్తారో వాళ్ళల్లో ఆడపిల్లలకి కూడా ఒకరు చెప్పక్కర్లేదు. భర్త పోయిన ఆడదానికి పదోరోజున పుట్టింటివాళ్ళు తెచ్చి భుజాన వేసే చీర అది. ఈ రోజుల్లో దాన్ని కట్టుకుని తిరిగేవాళ్ళు లేరు, మర్నాటినుంచి మామూలు చీరలే. కానీ ఆ ఒక్కరోజు భుజాన వేయడం మాత్రం ఎవరూ మానలేదు. ఆ చీర కొత్తదై ఉండాలి. నీళ్ళు తగలకూడదు, ఎవరి ఒంటికీ తగలకూడదు, మడత విప్పి ఉండకూడదు.

"ఏంటే వెతుకుతున్నావు?" అన్నాడు భావనారాయణ, గోడవైపు నుంచే.

"మాత్ర."

"ఎడంపక్క జేబులో ఉంది."

ఆమె కదలకపోయేసరికి ఇటు తిరిగాడు. ఆమె చేతిలో ఉన్నదాన్ని చూశాడు. "అదా" అన్నాడు మామూలుగా. "ఇవాళ బుద్ధుడి గుళ్ళకి పోతున్నాం గదా. తెల్లబట్టలతో పోవాలంట. టూరువాళ్ళు చెప్పారు. నీతో అనడం మర్చిపోయా."

"మరి మీకో?"

"నాకు పంచె ఉందిగా."

కోటేశ్వరి గుండెల మీద నుంచి బండ దించినట్టయింది. అంతేకదా, గుడికి. ఎంత మాట అనుకుంది తను. చెంపలు వేసుకుని, చీర మంచం మీద పెట్టి, మాత్రా మంచినీళ్ళూ అందించింది.

అసలు ఈ ప్రయాణం వాళ్ళకి రావాల్సింది కాదు. సత్తెనపల్లిలో పురుగుమందుల షాపు ఉన్న బాపయ్యకి వచ్చింది. ఆ ఏడు మిర్చికి నల్ల తామరపురుగు పట్టి రైతులు లబోదిబోమంటూ మందులు కొట్టారు. చేలు ఎట్లాగూ పోయాయి గానీ బాపయ్య షాపు టార్గెట్ దాటింది. కంపెనీవాళ్ళు సంతోషించి, డీలర్లందరినీ ఓడెక్కించి శ్రీలంక చూపిస్తామన్నారు. బాపయ్య కొడుకూ కోడలూ రామంటే, ఆ రెండు చోట్లకి చీరాలలో తనతో ఒకే బెంచీ మీద చదువుకున్న భావనారాయణనీ పెళ్ళాన్నీ పిలిచాడు. పాస్‌పోర్టులు కూడా తనే దగ్గరుండి చేయించాడు.

మొదట భావనారాయణ నవ్వేశాడు. "సముద్రం చూడ్డానికి ఓడెందుకురా, ఓడరేవు మాకు ఆటో దూరం" అన్నాడు. తర్వాత గుంటూరు ఆస్పత్రిలో భావనారాయణ కూతురు హేమశ్రీని డాక్టరు లోపలికి పిలిచి మాట్లాడాడు. లివరు పాడైపోయిందని, ఇక కోతలూ సూదులూ పెట్టి బాధపెట్టొద్దని, తినాలనిపించింది పెట్టమని చెప్పాడు. హేమశ్రీ అది తల్లి చెవిన వేసి, నాన్నకి చెప్పొద్దంది. కోటేశ్వరి చెప్పలేదు. "చలికాలం పోతే తగ్గుతుందంటండీ" అంది. "అవునవును" అన్నాడాయన. ఆ సాయంత్రమే బాపయ్యకి ఫోన్ చేసి, వస్తామని చెప్పాడు.

టిఫిన్ల దగ్గర బాపయ్య పెళ్ళాం కోటిరత్నం తన స్టీలు డబ్బా తెరిచి, ఓడవాళ్ళు పెట్టిన ఇడ్లీ మీద కారప్పొడి గుమ్మరిస్తోంది. "ఉప్పూ కారం లేకుండా రోగిష్ఠి తిండి..." అనబోయి నాలిక కరుచుకుంది. "నువ్వు వేసుకో వదినా."

"వదినా, నువ్వు తెల్లచీర తెచ్చావా?" అంది కోటేశ్వరి. "గుడికి తెల్లవే కట్టాలంటగా."

"ఎవరన్నారమ్మా? నా మొగుడు గుండ్రాయిలా కూర్చుని ఉండగా నాకు తెల్లచీరేం ఖర్మ?" అంటూ కోటిరత్నం, జనాన్ని లెక్కపెట్టుకుంటూ తిరుగుతున్న టూరు మేనేజరు కుర్రాణ్ణి కేకేసింది. "ఒరే చైతన్యా, ఇట్రా. తెల్లబట్టలు కట్టాలన్నావంటగా?"

నాగచైతన్య అయోమయంగా చూశాడు. "లేదాంటీ, నేను ఎవరికీ చెప్పలేదే. భుజాలూ మోకాళ్ళూ కప్పుకుంటే చాలు, రంగేదైనా పర్లేదు. ఇవాళ వాళ్ళకి పున్నమి పండగ. వాళ్ళయితే తెల్లవి కట్టుకొస్తారు. మనకేం రూలు లేదు."

కోటేశ్వరి నోట్లో ముద్ద అక్కడే ఆగింది. అవతలి బల్ల దగ్గర భావనారాయణ గ్లాసులో మజ్జిగని చెంచాతో కలుపుతూ ఉన్నాడు, తాగడం లేదు.

గదికి వెనక్కి వెళ్ళి ఆ చీర తీసి తన చేతిసంచీలో పెట్టుకుంది. ఎందుకు పెట్టుకుందో తనకే తెలియలేదు. దాన్ని గదిలో ఒంటరిగా వదిలి పోబుద్ధి కాలేదు, అంతే.

ఆ ఊరి పేరు తిరుకోణమల, ఇంగ్లీషువాళ్ళ నోట ట్రింకోమలీ. బస్సు రేవులోంచి బయటపడి ఊరి బయటికి పోయింది. తాటిచెట్లూ తుమ్మపొదలూ ఎర్రమట్టీ. వినుకొండ దారిలో పోతున్నట్టే ఉంది. బాపయ్య కిటికీలోంచి చేలు చూస్తూ గైడుని వచ్చీరాని ఇంగ్లీషులో పంటలడిగి, వరీ ఉల్లీ తప్ప ఇంకేం చెప్పకపోయేసరికి వెనక్కి తిరిగాడు.

"మిర్చి లేదంటరా నారాయణా. మన తేజాకాయ ఓ రెండెకరాలు పెట్టిస్తే?"

"ముందు మిర్చి పెట్టించు. తర్వాత పురుగు పట్టించు. ఆ తర్వాత షాపు తెరువు" అన్నాడు భావనారాయణ.

బస్సంతా నవ్వింది. కోటేశ్వరి ఆ నవ్వులో ఆయన మెడ చూసింది. చొక్కా కాలరులో మెడ కర్రలా ఆడుతోంది. ఈ మనిషికి తెలుసు, అనుకుంది. అన్నీ తెలిసి, తన పక్కన కూర్చుని జోకులేస్తున్నాడు.

మొదటి గుడి చెట్ల మధ్య ఉన్న పాత విహారం. కూలిన ఇటుక గోడలూ, గుండ్రటి ఇటుక దిబ్బా, నిలబడ్డ రాతి బుద్ధుడూ. "మన అమరావతి ఇటికెలే" అని తేల్చేశాడు బాపయ్య. బుద్ధుడికి వీపు చూపిస్తూ ఫోటో దిగబోయిన చిలకలూరిపేట డీలరుని గైడు చెయ్యి పట్టి పక్కకి లాగాడు. ఊళ్ళోవాళ్ళు గుంపులుగా వస్తున్నారు. అందరూ తెలుపే. పిల్లలు తెలుపు, ముసలివాళ్ళు తెలుపు. రాగిచెట్టు చుట్టూ ఒక పెద్దాయన ఇత్తడి చెంబుతో నీళ్ళు పోస్తుంటే, తెల్లచీర కట్టిన ఆయన భార్య కాలు జారకుండా ఆయన మోచెయ్యి పట్టుకుని నడుస్తోంది.

"ఆవిడకి ఎవరన్నా పోయారేమో, అడుగు బాబూ" అంది కోటేశ్వరి చైతన్యతో.

గైడు ఆ మాట విని నవ్వాడు. చైతన్య తెలుగులో చెప్పాడు. "ఎవరూ పోలేదంట ఆంటీ. గుడికి మనసు కడుక్కుని రావాలి కదా, అందుకంట. ఇక్కడ పెళ్ళికూతుళ్ళు కూడా చాలామంది తెల్లచీరే కడతారంట."

ఆమె తల తిప్పేసరికి భావనారాయణ బాపయ్యని గోడ చాటుకి తీసుకుపోయి ఏదో చెబుతున్నాడు. మాటలు వినపడలేదు. బాపయ్య రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, కాదు కాదన్నట్టు తల ఊపాడు. ఇవతలికి వచ్చాక ఎర్రబడ్డ కళ్ళు తువ్వాలుతో తుడుచుకుంటుంటే కోటిరత్నం, "ఏమైందయ్యా?" అంది. "దుమ్ము" అన్నాడు. ఆ తర్వాత బస్సులో ఆయన పంటల మాట ఎత్తలేదు.

ఊళ్ళోకి వచ్చారు. ఎటు చూసినా సందు చివర సముద్రమే. ఎండుచేపల వాసన, సైకిళ్ళు, రంగురంగుల ఇళ్ళు. పాత కోటలోకి బస్సు పోతుంటే రోడ్డు మీద జింకలు అడ్డంగా పడుకున్నాయి. "మన వీధికుక్కల్లా ఉన్నాయి చూడు" అన్నాడు భావనారాయణ. అంటూనే కళ్ళు మూసుకున్నాడు. నుదుటి మీద చెమట పట్టింది.

రెండో గుడి గుట్ట మీద. మెట్లు చూడగానే ఆయన కిందనే కూర్చుండిపోయాడు. "మీరు పోయిరండి. నాకు ఇక్కడ్నుంచే కనపడుతున్నాడు." మిగతావాళ్ళు ఎక్కిపోయారు. మెట్ల పక్కన రాగిచెట్టు, దాని చుట్టూ అరుగు, అరుగు మీద నూనెదీపాల వరస. ఒకామె కలువపూలు అమ్ముతోంది. కింద, రాళ్ళ అవతల సముద్రం కొట్టుకుంటోంది.

కోటేశ్వరి ఆయన పక్కన కూర్చుంది.

"టూరువాళ్ళు చెప్పలేదంట" అంది.

ఆయన సముద్రంవైపే చూస్తున్నాడు.

"తెల్లబట్టల సంగతి. ఆ పిల్లాణ్ణి అడిగా."

"నువ్వు కూడా చలికాలం పోతే తగ్గుద్దన్నావుగా" అన్నాడు భావనారాయణ.

"ఎప్పుడు తెలిసింది?" అంది.

"ఆ రోజే. హేమ డిగ్రీ చదివింది గానీ అబద్ధమాడ్డం చదవలేదు. డాక్టరు గదిలోంచి వచ్చి నా కాళ్ళు ఒత్తింది. తగ్గేవాడి కాళ్ళు ఆస్పత్రి వరండాలో కూర్చుని ఎవరన్నా ఒత్తుతారటే?"

"తెలిసి నాతో అనలేదు."

"నువ్వు తగ్గుద్దని చెప్పేటప్పుడు నీ మొహం చూశా. ఇంక నేనేం అనను."

కోటేశ్వరి సంచీ ఒళ్ళో పెట్టుకుంది. "ఈ చీర ఎందుకు నేశారు?"

"మీ అన్న బతికుంటే నేనెందుకు నేస్తా?" అన్నాడాయన. గొంతులో కోపం లేదు, పని సంగతి మాట్లాడుతున్నట్టే ఉంది. "మీ అన్న లేడు. మీ వదిన మన గడప తొక్కదు. పదోరోజు పొద్దున ఎవరో ఒకరు బజారుకి పరిగెత్తి మరమగ్గం గుడ్డ ఒకటి తెస్తారు. గోనెపట్టాలా దళసరిగా ఉంటది. నలుగురిలో నీ భుజాన పడేస్తారు. మగ్గమోడి పెళ్ళాం భుజాన మరమగ్గం గుడ్డ. అక్కడ నాకు మెలకువ ఉండదు గానీ, ఉంటే లేచి కూర్చుంటా."

తన మాటకి తనే నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"బాపయ్య నిన్ను చెల్లెమ్మా అంటాడు గదా. అన్న వరస. వాడి చేతికిచ్చి దాచమందామని పెట్టెలో పెట్టా. ఇంట్లో అయితే ఎక్కడ దాచినా నీ కంటపడుద్ది. ఇందాక చెప్పా. వెధవ, చేతులు వెనక్కి కట్టుకున్నాడు."

"కండెలు ఎవరు చుట్టారు?"

ఆ ప్రశ్నకి ఆయన ఇటు తిరిగి చూశాడు. "నేనే. యలమంద పెళ్ళాం చుడతానంది. వద్దన్నా. ముత్తయిదువ, ఆమె చేత అట్లాంటిది చుట్టించడం ఎందుకని. నాకు చేతకాక సగం దారం తెగింది."

కోటేశ్వరి లేచింది.

"ఎక్కడికే?"

"వస్తా."

అరుగు వెనక కాళ్ళూ చేతులూ కడుక్కునే గది ఉంది. పూలమ్మే ఆమెకి సైగ చేసి చీర చూపించింది. ఆమె తలుపు దగ్గర అడ్డం నిలబడింది. కోటేశ్వరి మడత విప్పింది. గంజి పెట్టిన బట్ట విడిపోతూ చిన్న చప్పుడు చేసింది. చిన్నప్పుడు ఒకసారి నాయనమ్మ తెల్లచీర ఆటకి చుట్టుకుంటే, వాళ్ళమ్మ వీపు మీద అట్లకాడ విరిగేలా కొట్టింది. ఆ దెబ్బ ఇప్పుడు వీపు మీద తగిలినట్టయింది. అయినా కుచ్చిళ్ళు పోసుకుంది. పూలమ్మే ఆమె వంగి కుచ్చిళ్ళు సర్ది, బాగుందన్నట్టు తల ఊపి, ఒక కలువపువ్వు చేతిలో పెట్టింది.

ఎర్ర జాకెట్టు, మెడలో పసుపుతాడు, నుదుట బొట్టు, చేతినిండా గాజులు, ఒంటి మీద అంచులేని తెల్లచీర. అట్లా వచ్చి నిలబడింది.

భావనారాయణ లేవబోయాడు, లేవలేక అరుగు పట్టుకున్నాడు. "కోటీ, విప్పెయ్. తప్పే. అరిష్టం."

"ఇక్కడందరూ కట్టారు. చూడండి. మొగుడున్నవాళ్ళు కట్టారు, లేనివాళ్ళు కట్టారు."

"మనం ఇక్కడివాళ్ళం కాదు."

"ఇక్కడ ఉన్నంతసేపూ ఇక్కడివాళ్ళమే." ఆమె ఆయన ఎదురుగా మెట్టు మీద కూర్చుంది. "ఒంటికి తగిలింది. మడత విడింది. ఇంక ఇది పదోరోజుకి పనికిరాదు."

ఆయన ఆమె మొహం చూడలేక చీర చూశాడు. చూస్తూ చూస్తూ ఉండగా ఆ చూపు మారింది. చెయ్యి చాపి కుచ్చిళ్ళ దగ్గర బట్ట వేళ్ళ మధ్య నలిపాడు.

"ఇక్కడ పోగు బిగుసుకుంది. ఆరోజు కాళ్ళు సహకరించలా."

"ఏం కనపడ్డం లేదు."

"నాకు కనపడుద్ది." బట్ట వదల్లేదు. "నేను చూడకూడని చీర ఇది. చూస్తున్నా."

"చూడండి. మీకు తప్ప ఎవరికోసం కట్టుకున్నా?"

పైనుంచి మిగతావాళ్ళు దిగి వస్తున్నారు. కోటిరత్నం చూడగానే మెట్టు మీదే ఆగిపోయింది. "ఇదేం పని వదినా, నిండు ముత్తయిదువ, పసుపూ కుంకుమా పెట్టుకుని..." బాపయ్య ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. "ఊరుకో. బస్సుకాడికి రా." ఆయన చెల్లెమ్మవైపు చూడకుండా, తలొంచుకుని పక్కనుంచి వెళ్ళిపోయాడు.

కోటేశ్వరి అరుగు మీద ఒక దీపం వెలిగించింది. ఏం కోరుకోవాలో తెలియలేదు. తగ్గించమని అడగడానికి నోరు రాలేదు, అది డాక్టరు ముందే కొట్టేసిన మాట. ఊరికే చేతులు జోడించి నిలబడింది. వంగినప్పుడు కొంగు నూనెలో తడిసింది. బస్సు దగ్గరికి నడిచేలోపు భావనారాయణకి వాంతయింది. పొద్దున కలిపి కలిపి చివరికి తాగిన రెండు గుక్కల మజ్జిగా, పసుపు రంగు నీళ్ళూ. ఆమె ఇంకో బట్ట కోసం వెతకలేదు. కొంగుతోనే ఆయన నోరు తుడిచింది. రేవు చేరేదాకా ఆయన తల ఆమె ఎడమ భుజం మీద ఉంది.

సాయంత్రం ఓడ మీద, అంచున కమ్మీల దగ్గర వేసిన కుర్చీల్లో కూర్చున్నారు. ఆమె ఇంకా ఆ చీర మార్చలేదు. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ చూస్తున్నారు. గుంటూరు, పల్నాడు ఆడవాళ్ళు చూసి చూపు తిప్పుకుంటున్నారు. ఒడ్డున గుట్ట మీది గుడి చిన్నదై కనపడుతోంది.

"మళ్ళీ ఒకటి నేయాలంటే నా వల్ల కాదే" అన్నాడు భావనారాయణ.

"అందుకే కట్టా."

"మరి ఆరోజు?"

ఆ మాట వాళ్ళిద్దరి మధ్యకి వచ్చి కూర్చుంది. పొద్దున అయితే ఆమె చెవులు మూసుకునేది. "పెళ్ళికి మీరు నేసిన పసుప్పచ్చ చీర ఇంట్లో పెట్టెలో ఉంది" అంది. "అదే భుజాన వెయ్యమని హేమకి చెబుతా."

"నలుగురూ నానా మాటలంటారు."

"అననీ."

"దాని అంచు చిరిగింది గదా, హేమ పసిపిల్లప్పుడు లాగి."

"కుడతా."

"నువ్వు కుడితే గోనెసంచి కుట్టినట్టుంటది. ఊరెళ్ళాక నేను కూర్చుని పోగుకి పోగు అతికిస్తా. కూర్చోగలిగితే."

"పోగులు నేను తీసిస్తా."

"ఆ. నువ్వే తియ్యాలి" అన్నాడు. "నేను తీస్తే తెగుతున్నాయి."

ఇంతలో ఓడ బయల్దేరింది. కింద ఎక్కడో ఇంజను అందుకుని, కాళ్ళ కింద నేల మళ్ళీ సన్నగా అదరడం మొదలుపెట్టింది. భావనారాయణ చెప్పులు విడిచి, వాచిన పాదాలు ఆ అదురు మీద ఆనించాడు. అలవాటు చొప్పున, గుంటలో కూర్చుని మగ్గం తొక్కినట్టు, ఒకసారి కుడికాలు నొక్కాడు. ఒకసారి ఎడమకాలు. మళ్ళీ కుడికాలు లేపబోయాడు. అది లేవలేదు.

కోటేశ్వరి చూసింది. వంగి, నూనె మరకలున్న కొంగు ఆ పాదాల మీద కప్పింది.